ఇరవై స్పీడులో సెకనుకొకటి

ఉదయగిరి దాటి మర్రిపాడు దారి పట్టిన కాసేపటికి బండి వెనక ఎక్కడో ‘కిట్’ మంది. కాస్త ఆగి మళ్లీ కిట్. రాయేదో లేచి మడ్‌గార్డుకు తగిలిందనుకున్నాను. కానీ రాళ్లు అంత లెక్కగా లేవవు. గేరు తగ్గించి మెల్లగా పోతే చప్పుడూ మెల్లబడింది, స్పీడు పెంచితే దగ్గర దగ్గరగా పడింది. అరవై దాటితే గాలిహోరులో కలిసిపోయి, ఉందో లేదో తెలియకుండా పోయింది. దూరాలు తిరిగేవాళ్లకు తెలుసు, వినపడే చప్పుడు కన్నా ఈ ఉందో లేదో తెలియని చప్పుడే ఎక్కువ పీడిస్తుంది.

హారను కొట్టి ముందు పోతున్న మా బావమరిదిని ఆపాను. వాడిది కావలి. బండి దిగకుండానే తీర్పు చెప్పేశాడు.

“గరిటెలు బావా. బ్యాగులో గరిటెలు కొట్టుకుంటా ఉండాయి.”

కాదనడానికి లేదు. ఉదయగిరిలో చెక్క గరిటెలు, చెంచాలు కొని వెనక బ్యాగులో కుక్కుకున్నాను. చుట్టుపక్కల కొండల్లో దొరికే నర్ది, బిక్కి, కల్ది చెక్కలను చెక్కి, ఆకురాయి పట్టి, నునుపు చేసి అమ్ముతారు. భౌగోళిక గుర్తింపు దక్కిన పనితనం. ఆ పని చేసేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. పిడి చివర చేప, ఆకు, జడలాంటి మెలిక చెక్కిన చెంచాలు చూశాక ఖాళీ చేతులతో రావడం కష్టం. వేపచెట్టు కింద బ్యాగులు విప్పి, గరిటెలన్నీ తువ్వాలులో చుట్టి బిగించాను. మళ్లీ బయల్దేరితే ఫర్లాంగు కూడా పోకముందే కిట్.

“అయితే గరిటెలు కాదులే,” అన్నాడు బావమరిది, ఆ మాట మొదట అన్నది నేనే అయినట్టు.

మేము ఉదయగిరి పోయింది గరిటెల కోసం కాదు, దుర్గం కోసం. మూడు వేల అడుగుల పైచిలుకు ఎత్తున్న కొండ. కింద ఊళ్లోంచి చూస్తే ఎక్కే దారి ఎక్కడుందో అంతుబట్టదు. 1513లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల చేతిలో ఉన్న ఈ కోటను ముట్టడించి, దాదాపు ఏడాదిన్నర కిందే కాచుక్కూచున్నాడు. రాయల తర్వాతి కాలంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసినదాన్ని బట్టి, పైకి పోవడానికి ఉన్నది ఒకే ఇరుకు దారి. రాయలు బండలు పగలగొట్టించి, సైన్యం పట్టేటంత దారులు వేయించాడు. కోట 1514లో లొంగింది. అక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, దాని కోసమే కృష్ణాలయం కట్టించాడు. పడిపోయిన గోడల మధ్య తిరుగుతుంటే నాకు ఎక్కువగా తలపుకొచ్చింది యుద్ధం కాదు, ఆ దారుల పని. రోడ్డు పడ్డాకే కోట దక్కింది.

మర్రిపాడు మండలంలో పడ్డాక 67వ నంబరు జాతీయ రహదారి ఎక్కాం. కృష్ణపట్నం రేవు నుంచి బద్వేలు, మైదుకూరు, తాడిపత్రి మీదుగా కర్ణాటకలోకి పోయే రోడ్డు ఇది. రేవు లారీల మధ్య చెవికి పని లేదు. ఆత్మకూరు వచ్చేదాకా చప్పుడు సంగతి మరచిపోవడం కూడా కుదిరింది. అక్కడ ఒక మెకానిక్కు చూపించాం. కుర్రవాడు, చెయ్యి తిరిగినవాడే. ఇంజను స్టార్టు చేసి, పొడుగాటి స్క్రూడ్రైవరు మొన హెడ్డు మీద ఆనించి, పిడిని చెవి ఎముకకు నొక్కి విన్నాడు.

“టాపెట్లు సార్.”

టాపెట్లు ఎప్పుడైనా కాస్త మోగుతూనే ఉంటాయి. వాల్వులకు ఉండవలసిన సందు ఉంటే ఆ మాత్రం టకటక ఉంటుంది. అసలు మోగకపోతేనే కంగారు పడాలి. ఎటూ చూపించవలసినవే కదా అని సరేనన్నాను. బిగించాడు. ఇంజను నిజంగానే మెత్తబడింది. ఊరి చివర స్పీడుబ్రేకరు దాటానో లేదో, కిట్.

రాబర్ట్ పిర్సిగ్ అనే అమెరికన్, కొడుకును వెనక ఎక్కించుకుని మోటారుసైకిలు మీద దేశం సగం దాటి, ఆ ప్రయాణం మీద 1974లో అచ్చువేసిన పుస్తకంలో కూడా ఇలాంటి షాపు ఒకటుంది. అక్కడా ఇంజను చప్పుడు వినీ వినకముందే టాపెట్లన్నారు. చివరికి తేలింది ఆయిలు అందించే చోట తెగిపోయిన పాతిక సెంట్ల పిన్ను. ప్రపంచంలో ఏ మూల మెకానిక్కయినా మొదటి అనుమానం టాపెట్ల మీదేనేమో. ఆత్మకూరు కుర్రవాడిది తప్పనలేను. ఇంజను తిరుగుతుంటే విన్నాడు కాబట్టి ఇంజనే వినపడింది. చప్పుడు రావాలంటే చక్రం తిరగాలి. నిలబెట్టిన బండిలో లేని చప్పుడును స్క్రూడ్రైవరు ఎక్కణ్నుంచి తెస్తుంది?

“అనుమసముద్రంపేట దగ్గరే బావా. దర్గాలో ఒక రాత్రి నిద్ర చేయిద్దామా బండిని?” అన్నాడు మావాడు. ఎవరికీ అంతుబట్టని జబ్బులతో ఎక్కడెక్కడి జనమో అక్కడికొచ్చి రాత్రిళ్లు గడుపుతారు. మతంతో పని లేదు. మా బండి వంతు ఇంకా రాలేదని చెప్పి అనంతసాగరం రోడ్డు పట్టించాను.

ఆ రోడ్డు వేరు. లారీలు లేవు. ఏప్రిల్ నెల, మొదటి పంట కోతలు అయిపోయాయి. రోడ్డుకు ఒక పక్క బారుగా వడ్లు ఆరబోసి, బండ్లు తొక్కకుండా అంచున రాళ్లు పెట్టారు. మిగిలిన సగం రోడ్డులో ఎదురుగా ట్రాక్టరొస్తే దిగి నిలబడాలి, బర్రెలొస్తే అవి తప్పుకునేదాకా ఆగాలి. ఇరవైకి మించి పోయేదారి లేదు. చప్పుడు పట్టుకోవాలనుకునేవాడికి ఇంతకన్నా మంచి రోడ్డు దొరకదు. పైగా మధ్యాహ్నం, పొలాల్లో మనుషుల్లేరు.

కిట్. కిట్. కిట్. ముల్లు ఇరవై మీద నిలిపి చేతి గడియారం చూసుకుంటే సరిగ్గా సెకనుకొకటి. కాస్త ఖాళీ దొరికినచోట నలభైకి పెంచితే సెకనుకు రెండు. క్లచ్ పట్టి ఇంజనును ఊరికే రేజు చేసి చూశాను, చప్పుడు తన లెక్క తప్పలేదు. అంటే ఇంజనుతో దీనికి చుట్టరికం లేదు, చక్రంతోనే.

బావమరిది తన బండిని నా పక్కకు తెచ్చి, హెల్మెట్ అద్దం పైకెత్తి, తల వంచి విన్నాడు. “వెనక. ఎడం పక్క.” నాకు కుడి పక్క వినపడుతోంది. ఇద్దరం ఒకరినొకరు నమ్మలేదు. ఇందులో నా చెవుల తప్పు కన్నా హెల్మెట్ తప్పు ఎక్కువ. చప్పుడు ఏ పక్కనుంచి వచ్చిందో మనకు తెలిసేది అది ఒక చెవికి ముందూ, రెండో చెవికి తర్వాతా చేరడం వల్ల. ఆ తేడా ఎంత ఎక్కువైనా సెకనులో వెయ్యో వంతుకు కూడా చేరదు. దాన్ని ఆధారం చేసుకుని మెదడు దిక్కు చెబుతుంది. రెండు చెవులూ దళసరి నురుగులో మూసి, చప్పుడును ఫ్రేము గుండా, ఫుట్‌రెస్టుల గుండా, వెన్నెముక గుండా పైకి పంపిస్తే ఇక దిక్కెక్కడిది? బండి నడిపేవాడు తన బండి చప్పుడును కాళ్లతో వింటాడు. కాళ్లకు ఎడమా కుడీ తెలియవు. పక్కవాడి మాటే నమ్మాలి, ఆ పక్కవాడు బావమరిదైనా సరే.

అనంతసాగరం చెరువు కట్ట దగ్గర ఆగి నీళ్లు తాగాం. పెద్ద చెరువు. కట్ట మీద నిలబడితే పడమటి దిక్కంతా వెలిగొండలు అడ్డంగా కనపడతాయి. ఆ కొండలకు అవతల, కడప జిల్లా పోరుమామిళ్లలో దాదాపు ఇదే పేరున్న మరో చెరువుంది, అనంతరాజసాగరం. దాన్ని కట్టించింది బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు. పొద్దున మేము తిరిగొచ్చిన ఉదయగిరిలో ఉండి తూర్పు సీమను ఏలినవాడు. ఆ చెరువు గురించి 1369 నాటి సంస్కృత శాసనం ఉంది. రెండేళ్లపాటు రోజూ వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు పనిచేసినట్టు అందులో రాయించాడు. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలు చెప్పి, ఆ వెంటనే ఆరు దోషాలు కూడా చెప్పించాడు. రాజుల శాసనాల్లో గొప్పలు బోలెడు దొరుకుతాయి గానీ, పని చెడే పద్ధతులు చెప్పిన శాసనాలు అరుదు.

ఆ ఆరూ ఇవి. కట్ట నుంచి నీరు ఊరడం, చవిటి నేల, రెండు రాజ్యాల పొలిమేరలో ఉండడం, చెరువు నడుమ మెట్ట లేవడం, నీరు తక్కువై సాగు నేల ఎక్కువ కావడం, నీరు ఎక్కువై నేల తక్కువ కావడం. చివరి రెండూ నాకెప్పుడూ ఆశ్చర్యమే. అక్కడ నీటిలో లోపం లేదు, నేలలో లోపం లేదు. రెండూ ఒకదానికొకటి సరిపడకపోవడమే దోషం. పొలిమేర సంగతీ అంతే. కట్ట ఎంత గట్టిదైనా కావచ్చు, అటూ ఇటూ ఉన్న రాజులకు పడకపోతే ఆ చెరువు నిలవదు. నేను మాత్రం పొద్దుటి నుంచీ చెడిపోయిన సామాను ఒకటి ఎక్కడో ఉందని, దాన్ని కనిపెట్టి మార్చేస్తే సరిపోతుందని వెతుకుతూ వచ్చాను.

సోమశిలకు పోయేసరికి ఎండ తగ్గలేదు. పెన్న వెలిగొండలను చీల్చుకుని నెల్లూరు మైదానంలోకి దిగేది ఇక్కడే. రెండు కొండల నడుమ ఆ సందులోనే ఆనకట్ట కట్టారు. నిండితే 78 టీఎంసీలు. శ్రీశైలం నుంచి వచ్చే కృష్ణ నీళ్లు వెలుగోడు, బ్రహ్మంసాగర్ మీదుగా ఇక్కడికొచ్చి, కండలేరు దాటి మద్రాసు దాకా పోతాయి. 1983లో ఒప్పందం కుదిరితే, నీళ్లు తమిళనాడు పొలిమేర దాటింది 1996లో. 2021 నవంబరులో ఇదే నది వేరే రూపం చూపించింది. ఎగువన చెయ్యేటి మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది, పెన్నకు అయిదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద వచ్చింది. ఆనకట్ట కింద ఉన్న సోమేశ్వరాలయాన్ని ఆ నీళ్లు దెబ్బతీశాయి.

అక్కడి వాలు రోడ్డు మీద మా పరీక్షలు జరిపాం. దారిన పోయేవాళ్లు ఆగి చూశారు. ఒకాయన పెట్రోలు అయిపోయిందేమోనని సీసా తెస్తానన్నాడు. ఇంజను ఆపేసి, న్యూట్రల్లో, వాలులో వదిలాను. కిట్, కిట్, ఇంజను హోరు లేకపోయేసరికి మరింత స్పష్టంగా. ముందు బ్రేకు తేలిగ్గా పట్టాను, మార్పు లేదు. వెనక బ్రేకు పట్టాను, అప్పుడూ లేదు. బ్రేకు డ్రమ్మో, చక్రం బేరింగో అయితే బ్రేకు పడగానే ఎంతోకొంత తేడా ఉండాలి. తర్వాత బ్యాగులు రెండూ విప్పి బావమరిది బండికి ఎక్కించి దిగాను.

చప్పుడు లేదు.

“చెప్పలా! బ్యాగులే,” అన్నాడు మావాడు. అయితే బ్యాగులు ఇప్పుడు వాడి బండి మీద ఉన్నాయి, అక్కడా చప్పుడు లేదు. మళ్లీ నా బండికి కట్టాం, వచ్చింది. బ్యాగులు విప్పేసి మావాణ్నే వెనక ఎక్కించుకున్నాను, ఇంకా గట్టిగా వచ్చింది. డబుల్ స్టాండు వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే గాలి తిరిగినట్టు నిశ్శబ్దంగా తిరిగింది. మోగేది సామాను కాదు, బరువు పడితేనే మోగేది ఇంకేదో ఉంది. అంతవరకు తెలిసి, అక్కడ ఆగిపోయాం.

తిరుగుదారిలో, పొద్దు వాలేవేళ, అనంతసాగరంలో ఒక రేకుల షెడ్డు ముందు ఆగాం. లోపల మోటారుసైకిళ్లు రెండే. మిగిలినవన్నీ ఆయిలింజన్లు, నీళ్ల మోటార్లు, ఒక స్ప్రేయరు. యాభై దాటిన మనిషి, లుంగీ పైకి కట్టి, పంపుసెట్టు షాఫ్టు నుంచి బేరింగు ఊడదీస్తున్నాడు. చప్పుడు ఎక్కడొస్తోందో చెప్పబోయాను. వినలేదు.

“యాడ అనేది నేను చూస్తాలే సార్. ఎప్పుడొస్తా ఉండాదో చెప్పండి.”

చెప్పాను. చక్రంతో పాటు వస్తుంది, ఇంజనుతో కాదు. బ్రేకుకు మారదు. బరువుంటేనే వస్తుంది. స్టాండు మీద రాదు. ఆయన బేరింగు పక్కన పెట్టి చేతులు గుడ్డకు తుడుచుకున్నాడు.

“బరువుంటేనే వచ్చేదాన్ని స్టాండు మీద చూస్తే ఎట్టా కనపడతాది? బరువుతోనే చూడాల. ఎక్కు నాయనా,” అన్నాడు మా బావమరిదితో.

వాణ్ని బ్యాగులతో సహా బండి మీద కూచోబెట్టి, వెనక టైరు పక్కన సుద్దముక్కతో ఒక గీత గీశాడు. షెడ్డులో పనిచేసే పిల్లవాణ్ని వెనక నుంచి తోయమన్నాడు. తాను చక్రం పక్కన గొంతుక్కూచుని, దాంతో పాటు బాతునడక నడుస్తూ గీతను చూస్తున్నాడు. రోడ్డు పొడుగునా అట్లా పోయి, తిరిగి అట్లాగే వచ్చారు. టీ బంకు దగ్గర కూచున్న నలుగురూ లేచి వచ్చారు.

“చుట్టుకొకటి రావడంలా. రెండు చుట్లు పొయ్యి, మూడోది నిండకముందే వస్తా ఉండాది. చుట్టుకొకటొస్తే చక్రం. అంతకంటే బిరబిరా వస్తే ముందు స్ప్రాకెట్టు. ఇట్టా ఆలిశంగా వస్తే చైను సార్.”

ఆయనకు లెక్కతో పని లేదు గానీ నాకు లెక్క వేయకుండా నిద్రపట్టదు. వెనక స్ప్రాకెట్టుకు 38 పళ్లు, చైనుకు 100 లింకులు. చక్రం ఒక చుట్టు తిరిగితే చైను 38 లింకులు కదులుతుంది. చైనులో ఒకే ఒక లింకు మళ్లీ అదే చోటికి రావాలంటే చక్రం రెండున్నర చుట్ల మీద ఇంకొంచెం తిరగాలి. ఎనిమిది చుట్లకు మూడు చప్పుళ్లు. టైరు చుట్టుకొలత రెండు మీటర్లు, ఇరవై స్పీడులో సెకనుకు అయిదున్నర మీటర్లు. భాగిస్తే మధ్యాహ్నం వడ్ల పక్కన గడియారంలో చూసిందే వచ్చింది, సెకనుకొకటి. జవాబు అప్పుడే నా చేతికి కట్టుకుని ఉంది. హాన్స్ రెనాల్డ్ మాంచెస్టరులో 1880లో ఈ రోలర్ చైనుకు రూపం ఇచ్చినప్పటి నుంచీ, సైకిలు మొదలు బండ్లన్నిటిలో ఈ లెక్క ఇట్లాగే పనిచేస్తోంది.

ఆయన చైనును చేత్తో లాగుతూ తిప్పాడు. లాకు లింకు పైకి వచ్చేసరికి బొటనవేలు ఆపాడు. లాకు మీద ఉండే క్లిప్పు కాలు ఒకటి కాస్త పైకి లేచి ఉంది, గోరు మందం కూడా లేదు. అంత మాత్రానికి ఏమీ తగలదు. తర్వాత చైను గార్డు లోపలికి వేలు పోనిచ్చి, నన్నూ తడిమి చూడమన్నాడు. లోపలి అంచున సన్నటి గీత, కొత్తగా రాసుకున్న ఇనుము మెరుపు. బ్యాగుల కోసం బిగించిన ఫ్రేము కమ్మీ గార్డును నెట్టి, దాని అంచును లోపలికి వంచింది. ఒట్టి బండిలో గార్డుకీ క్లిప్పుకీ నడుమ వెంట్రుకవాసి ఖాళీ ఉంది. బరువు పడగానే షాక్‌లు దిగి, చక్రం పైకి లేచి, దాంతో చైనూ లేచి, ఆ ఖాళీ చాలకపోయింది. చైను మంచిదే, గార్డు మంచిదే, కమ్మీ కూడా గట్టిగా ఉంది. పోరుమామిళ్ల శాసనంలో ఏడో దోషంగా చేర్చదగిన విషయం.

“ఇంకో రోజు పోనిచ్చుంటే క్లిప్పు ఎగిరిపొయ్యేది. ఆ తర్వాత లాకు. కొండెక్కేటప్పుడు చైను తెగి చక్రానికి చుట్టుకున్యా ఆశ్చర్యంలా,” అన్నాడు, తిడుతున్నట్టు కాదు, పాలు విరిగిపోతాయని చెప్పినట్టు.

తీగకు గుచ్చి వేలాడదీసిన లాకుల్లో కొలతకు సరిపడేది వెతికి వేశాడు. క్లిప్పు మూసి ఉన్న కొస చైను పరుగెత్తే దిక్కుకు ఉండేటట్టు తిప్పి, కటింగ్‌ప్లేయరుతో నొక్కాడు. కమ్మీకీ గార్డుకీ మధ్య రెండు వాచర్లు పెట్టి బోల్టు బిగించి, గార్డు అంచును స్పానరుతో బయటికి వంచాడు. మళ్లీ మావాణ్ని ఎక్కించి, మళ్లీ తోయించి విన్నాడు. అడిగింది యాభై రూపాయలు. బావమరిది ఇంకో యాభై కలిపిస్తే, లాకు ఖరీదు పోను మిగతాది పిల్లవాడి చేతిలో పెట్టాడు.

బ్యాగుల పట్టీలు బిగిస్తుండగా ఆయన ఫోను మోగింది. కాలువ కింద ఎవరిదో మోటారు మోగుతోందట. ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, పానాల పెట్టె సర్దుకుంటూ అడిగాడు.

“ఎప్పుడొస్తా ఉండాది? నీళ్లు పడక ముందా, పడినాకా?”

అవతలి మనిషి జవాబు చెప్పకుండా ఫోనును మోటారు దగ్గర పెట్టినట్టున్నాడు. గరగరమని ఒకటే రొద మాకూ వినపడింది.

“ఓరి నాయనా, ఫోన్లో మోటార్లన్నీ ఒకటేగా మోగతాయి. ఆపు. నేనొస్తాన్లే. పడినాకా, పడక ముందా, అది చూసి పెట్టు నువ్వు,” అని, పిల్లవాణ్ని మోపెడ్ వెనక ఎక్కించుకుని, పానాల పెట్టె వాడి ఒళ్లో పెట్టి, సోమశిల వైపు తిప్పాడు. మేము ఆత్మకూరు వైపు తిరిగాం.